అటెస్టేషన్ ఫారంలో ‘లేదు’ అని రాయకుండా నన్ను ఆపినవారికి కృతజ్ఞతలు

గత సోమవారం నేను ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను. 2019లో నాపై నమోదైన క్రిమినల్ కేసు వల్ల ఈ రోజు నాకు రాదనే అనుకున్నాను కాబట్టి, రప్పించినవారికి నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

గట్టు తగాదాలో జరిగిన తోపులాటకు ఐపీసీ 323 (గాయపరచడం), 341 (దారి అడ్డగించడం) సెక్షన్ల కింద కేసు పెట్టారు. 2021లో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. అయితే కోర్టులో ముగిసిన ఆ కేసు పోలీస్ స్టేషన్ రికార్డులో మాత్రం విచారణలో ఉన్నట్టే మిగిలిపోయిందని, ఒక ప్రైవేటు సంస్థ ఆఫర్ లెటర్ ఇచ్చి వెరిఫికేషన్ తరువాత వెనక్కు తీసుకున్నప్పుడు గానీ నాకు తెలియలేదు. సంజాయిషీ చెప్పుకొనే అవకాశం కూడా వారు ఇవ్వలేదు. ఆ తరువాత రెండేళ్లు ఎక్కడైనా దరఖాస్తు పెట్టాలంటేనే భయపడ్డాను.

ఈ ఉద్యోగానికి ఎంపికయ్యాక, పూర్వాపరాలు అడిగే అటెస్టేషన్ ఫారంలో ‘మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా?’ అన్న గడి దగ్గర నా చేయి ఆగిపోయింది. కేసు పోయింది కదా, ‘లేదు’ అని రాసెయ్యమని తెలిసినవారందరూ చెప్పారు. రాసేవాడినే. ఆదాయం తక్కువ ఉన్నవారికి ఉచితంగా న్యాయ సహాయం చేస్తారని విని, ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాను. ఆ సంస్థ తరఫున కేసులు చూసే ప్యానెల్ అడ్వకేట్ మేడమ్ గారు ఆ ఫారం జిరాక్సు మీద ‘ఎప్పుడైనా’ అన్న మాట కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీసి, “బాబూ, ఇప్పుడు కేసు ఉందా అని వాళ్లు అడగడం లేదు, చూడు” అన్నారు.

అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆమె నాకు అర్థమయ్యేలా వివరించారు. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని ఏమీ లేదు; అభ్యర్థి పూర్వాపరాలను పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది. కానీ దాచిపెడితే, ఆ దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. రాజీ పడదగిన నేరంలో చట్టప్రకారం రాజీ జరిగితే, నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క అన్న మాట విన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అంతవరకు నన్ను నేను శిక్ష తప్పించుకున్న దోషిగానే చూసుకున్నాను.

పెద్దల కేసుల రికార్డును కొంతకాలం తరువాత దానంతటదే చెరిపివేసే సాధారణ చట్టం మన దేశంలో లేదని కూడా ఆమె చెప్పారు. ఎవరి దారి వారి కేసును బట్టి ఉంటుంది. రాజీకి వీల్లేని సెక్షన్లు ఉన్నా, కేసు స్వభావాన్ని బట్టి దాన్ని కొట్టివేయాలని హైకోర్టును కోరవచ్చు. పూర్వం సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 482 కింద వేసే ఆ పిటిషన్‌ను, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 528 కింద వేస్తున్నారు. నేరం రుజువైనా 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలుకు పంపకుండా కోర్టు విడిచిపెడితే, ఆ నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హత వర్తించదని అందులోని 12వ సెక్షన్ చెబుతుంది. నాలాగా ఇవేవీ తెలియక కుమిలిపోతున్నవారు ఎందరో ఉంటారని ఇక్కడ రాస్తున్నాను.

నా విషయంలో కావలసింది కాగితం. కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు నాలుగు తీయించి, ఒకటి అర్జీతో పాటు స్టేషన్‌లో ఇప్పించారు. అక్కడ రికార్డులు రాసే రైటర్ గారు విసుక్కోకుండా పాత రిజిస్టరు వెతికి, కేసు ముగిసినట్టు నా ఎదుటే నమోదు చేశారు. ఆయనకు నా నమస్కారాలు. ఫారంలో ‘అవును’ అని రాసి, కేసు నంబరు, ఉత్తర్వు తేదీ వేసి, రెండో కాపీ జతచేశాను. వివరణ కోరుతూ నోటీసు వచ్చినప్పుడు మూడోది పంపాను. జవాబును మేడమ్ గారే మూడుసార్లు దిద్దారు, ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఆనాడు నాపై ఫిర్యాదు చేసిన పెద్దాయనకు కూడా చేతులెత్తి మొక్కుతున్నాను. జ్వరంతో ఉండి కూడా లోక్ అదాలత్‌కు వచ్చి, “కుర్రాడి బతుకు పాడు కాకూడదు” అని చెప్పి ఆయన సంతకం చేశారు. ఉద్యోగంలో చేరిన సాయంత్రం ఆయన ఇంటికే ముందు వెళ్లాను. నాలుగో కాపీని పాస్‌పోర్టు దరఖాస్తు కోసం దాచి ఉంచాను.