పీచు పరుపు కుట్టినవారికీ, పడవ వేసినవారికీ, బొమ్మ నేర్పినవారికీ

అందరికీ నమస్కారమండి. నేను మన ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఈ ఏడాది మన పిల్లలు తెచ్చిన మెడళ్ళ ఫొటోలు చూసి చాలామంది ఫోన్లు చేశారు, బడికొచ్చి మిఠాయిలు పంచారు. ఆ ఫొటోల్లో లేనివాళ్ళ గురించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పేర్లు రాయొద్దని నాచేత మాట తీసుకున్నారు. చేసిన సాయం మాత్రం ఊరందరికీ తెలియాలి.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి, గోదావరి మధ్య లంక ఊరి నుంచి వచ్చే పిల్ల, హైజంపులో జిల్లాలో మొదటి స్థానం తెచ్చుకుని రాష్ట్ర స్థాయి స్కూల్ గేమ్స్‌కి ఎంపికైంది. పోయినేడు ఇదే పిల్ల 1.25 మీటర్ల దగ్గర ఆగిపోయింది. మా బడిలో ఉన్నది ఇసుక గుంట. ఇసుకలోకి దూకేవాళ్ళు కాళ్ళ మీదే దిగాలి కాబట్టి, కత్తెర ఆడించినట్టు ఒక కాలు తర్వాత ఒకటి కర్ర దాటించడమే నేర్పగలిగాను. వెల్లకిలా వాలి దాటే పద్ధతితో అమెరికా హైజంపర్ ఫాస్‌బరీ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచాడు. ఇప్పుడు పెద్ద పోటీల్లో అందరూ అలాగే దూకుతారు. అలా దూకితే పడేది వీపు మీద. కింద మెత్తగా లేకుండా కన్నవాళ్ళు నమ్మి అప్పగించిన పిల్లని అలా దూకమని నేనెలా చెప్పను? పోయినేడు పోటీల్లో ఫోమ్ పరుపు మొదటిసారి చూసి, దాని మీద ఎలా పడాలో తెలియక బెదిరిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమలాపురం దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

అసలు పరుపు కొనే స్తోమత బడికి లేదు. ఈ సంగతి విని పీచు ఫ్యాక్టరీ బాబాయ్ గారు, "కోనసీమలో ఉండి మెత్తటి పరుపు లేదంటావేంటమ్మా!" అని మర్నాడే ట్రాక్టరు నిండా కొబ్బరి పీచు పంపించారు. కొబ్బరికాయలు దింపే కార్మికులు పని దిగి వచ్చి, సాయంత్రాలు కూర్చుని దాన్ని విడదీసి గోనెసంచుల్లో కూరారు. సంచులు ఒకదానికొకటి దూరం జరిగి మధ్యలో సందులు పడుతుంటే, రేవులో వేట చేసుకునే అన్నదమ్ములు పాత వలలు తెచ్చి మొత్తాన్ని చుట్టి బిగించి కుట్టేశారు. పీచు తడవకూడదు కదా. అందుకని ఒక రైతు గారు ధాన్యం మీద కప్పే బరకం ఇచ్చి, పంట మాసూళ్ళకి కూడా వెనక్కి అడగనన్నారు.

మొదట నేనే పడి చూశాను. తర్వాత ఆ పిల్ల. కర్ర పెట్టకుండా, నించున్న చోటనుంచే వెనక్కి వాలింది. పడ్డాక లేవలేదు. నా గుండె ఆగినంత పనైంది. దగ్గరికెళ్ళి చూస్తే కళ్ళు తెరిచి ఆకాశం కేసి చూస్తూ నవ్వుతోంది. "తగల్లేదండి మేడమ్" అంది. జిల్లా పోటీల్లో 1.40 దాటిందంటే, అది ఆ సాయంత్రం మొదలైన దూకుడే.

ఇక పడవ తాత. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక పెట్టారంటే మా లంక పిల్లలు బడికి రావడం కష్టమే. ఎంపికల ముందు రోజు హెచ్చరిక తీసేశారు గానీ కాజ్‌వే మీద నీరు తీయలేదు. తెల్లవారుజామున నాలుగింటికి తాత లంక రేవులో ఉన్నాడు. పిల్లకీ వాళ్ళమ్మకీ లైఫ్ జాకెట్లు తనే కట్టి ఇవతలికి చేర్చాడు. రాత్రి మేము వచ్చేసరికి టార్చిలైటు పట్టుకుని అదే గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "గెలిచావా?" అని అడగలేదండి. "తిన్నావా?" అని అడిగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

చిత్రలేఖనంలో, కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి జరుపుతున్న కళా ఉత్సవ్‌లో, మా పదో తరగతి అమ్మాయి జిల్లా మొదటి స్థానం తెచ్చింది. మా బడికి డ్రాయింగు మాస్టారు లేరు. పక్క ఊళ్ళో రిటైరైన మాస్టారు ఒకరు డెబ్బై దాటిన వయసులో ప్రతి ఆదివారం సైకిలు మీద వచ్చి నేర్పారు. సొంత ఖర్చుతో రాజమండ్రి తీసుకెళ్ళి దామెర్ల రామారావు చిత్రశాల చూపించారు. 1925లో పోయేనాటికి దామెర్లకి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదని మాస్టారు చెబితే, మా పిల్ల ఆ బొమ్మల ముందు నుంచి కదల్లేదట. తను గీసింది మన జగ్గన్నతోట ప్రభల తీర్థం. ప్రభ అంటే దేవుణ్ణి నిలిపి, అలంకరించి భుజాల మీద మోసే ఎత్తైన వెదురు చట్రం. కనుమనాడు చేరే 11 ప్రభల్లో, కౌశిక కాలువలో దిగి దాటే ప్రభని ఎంచుకుంది. పీకల్లోతు నీళ్ళలో మోసేవాళ్ళ భుజాలు, బిగిసిన మెడనరాలు. ప్రభ పైభాగం కాగితంలో పట్టనే లేదు. "మోసేవాళ్ళే కనపడాలండి" అందట మాస్టారితో.

ఖోఖో స్తంభాలు సరుగుడు కర్రతో నున్నగా చెక్కి పాతిన వడ్రంగి గారికీ, వారం వారం చక్కెరకేళీ గెల పంపిన రావులపాలెం వ్యాపారి గారికీ, యూనిఫాంలు ఉచితంగా కుట్టిన అక్కకీ చేతులెత్తి నమస్కారం. ఆడపిల్లల్ని సాయంత్రం ఆరుదాకా గ్రౌండులో ఉండనిచ్చిన అమ్మానాన్నలకి మరీ ముఖ్యంగా. మన అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ 2023లో ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చాక, ఆటలంటే చదువు పాడవుతుందన్న మాట మన వైపు కాస్త తగ్గింది. ఆడపిల్లల విషయంలో ఇంకా తగ్గాలి.

వచ్చే శనివారం ఉదయం ప్రార్థన సమయానికి మీరంతా బడికి రండి. పిల్లలు తమ మెడళ్ళు మీ మెడలో వేసి ఫొటో దిగాలని పట్టుబడుతున్నారు. పడవ తాత పని మానుకుని రానన్నాడు. అందుకని ప్రార్థన అయ్యాక మేమే మెడళ్ళు తీసుకుని రేవుకి వెళ్తున్నాం.