ఆలూ చీజ్ బేక్‌లో దుంప ఎందుకు ఉడకడం లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

చలికాలం వచ్చిందంటే వంటల పేజీల్లో ఆలూ చీజ్ బేక్ కనిపించి తీరుతుంది. చూస్తే నోరూరుతుంది. చెప్పినట్టే చేస్తే పైన చీజ్ మాడిపోతుంది, అడుగున పాలు విరిగిపోతాయి, నడుమ దుంప కసుక్కుమంటుంది. పచ్చి దుంప చక్రాల మీద పాలు, టమాటా, చీజ్ ఒకేసారి వేసి 20 నిమిషాలు ఓవెన్‌లో పెట్టమంటే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా అదే గతి. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా టమాటా సంగతి. మనం ముక్క ఉడికాకే చింతపండు పులుసు పోస్తాం. ముందే పోస్తే ముక్క బిరుసెక్కుతుంది, ఎంత మంట పెట్టినా మెత్తబడదు. ముక్కను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్‌ను పులుపు కరగనివ్వదు. ఇక్కడ టమాటా, పెరుగు, నిమ్మరసం చేసేదీ అదే, పైగా పాలను విరగ్గొడతాయి. ఈ వంటలో వాటిని వేయనే వద్దు.

దీని పుట్టిల్లు ఆగ్నేయ ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల వైపున్న డోఫినే ప్రాంతం. గాప్ అనే ఊళ్లో 1788 జులైలో ఇచ్చిన ఒక విందులో దీని ప్రస్తావన ఉంది. పాలు, మీగడ, వెల్లుల్లి చాలు, చీజ్ వేయకూడదని అక్కడి పాతకాలపు వంటవాళ్ల పట్టు. చీజ్ వేసేది పక్కనున్న సవోయ్ ప్రాంతంలో. అక్కడ దీన్ని గ్రాటిన్ అంటారు, ఆ మాట గీకడం అన్న అర్థం నుంచే వచ్చింది. పాలగిన్నె గోకుడు రుచి తెలిసినవాళ్లకు ఆ పేరు ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

నలుగురైదుగురికి కిలో దుంపలు, అర లీటరు ఫుల్ క్రీమ్ పాలు, 200 మి.లీ. ఫ్రెష్ క్రీమ్, 10 గ్రాముల ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు జాజికాయ పొడి, 150 గ్రాముల చీజ్. వెన్న తీసిన పాలు త్వరగా విరుగుతాయి, వాడొద్దు. గోటితో గీస్తే తొక్క ఊడొచ్చే కొత్త దుంపలో నీరెక్కువ, పిండి తక్కువ. చలికాలం చివర్లో జహీరాబాద్ వైపు నుంచి వచ్చే కొత్త పంట వేపుడుకు బాగుంటుంది గానీ దీనికి తొక్క గట్టిపడిన దుంపే మేలు. ఫ్రిజ్‌లో పెట్టిన దుంప తియ్యబడి తొందరగా నల్లబడుతుంది.

దుంపను 3 మిల్లీమీటర్ల చక్రాలుగా తరిగి నేరుగా పాలలో వేయండి. వేపుడుకు కడిగినట్టు నీళ్లలో కడిగితే పని చెడుతుంది, ఎందుకంటే పాలను చిక్కబరిచేదీ, విరగకుండా కాపాడేదీ ఆ పిండే. క్రీమ్, ఉప్పు, దంచిన వెల్లుల్లి, పొడులు కలిపి సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచండి. అట్లకాడతో అడుగు నుంచి మెల్లగా కదుపుతుండాలి, లేదంటే అంటుకుంటుంది. చక్రం వంగాలి, విరగకూడదు. పాలు పల్చటి సేమ్యా పాయసంలా కావాలి. అప్పుడే దించి, వెన్న రాసిన 23 సెంటీమీటర్ల పళ్లెంలో సర్దండి.

170 డిగ్రీల దగ్గర ఫాయిల్ కప్పి అరగంట. కత్తి మొన అడ్డు లేకుండా అడుగుదాకా దిగిందంటే ఉడికినట్టు. దిగకపోతే ఇంకో పది నిమిషాలు ఆగండి, చీజ్ మాత్రం అప్పుడే వేయకండి. మొదటే వేస్తే దుంప ఉడికేలోగా చీజ్ నుంచి నూనె వేరుపడి, మిగిలింది తోలులా సాగుతుంది. దుంప ఉడికాక ఫాయిల్ తీసి చీజ్ పరిచి 190 డిగ్రీల్లో పావుగంట. ఓటీజీలో (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) పైన వేడెక్కే కడ్డీ అప్పుడు వేస్తే చాలు.

మొజరెల్లా తీగలు సాగుతుంది, రుచి చప్పన. ప్రాసెస్డ్ చీజ్ నున్నగా కరుగుతుంది, ఉప్పు ఎక్కువ. అందుకే మొజరెల్లా 100 గ్రాములు, ప్రాసెస్డ్ చీజ్ 50 గ్రాములు. పనీర్ ఎంతసేపు పెట్టినా కరగదు. విదేశాల్లో ఉండే శాకాహారులు చీజ్ కొనేముందు రెన్నెట్ (చీజ్ కోసం పాలను గడ్డకట్టించే పదార్థం) దేనితో చేశారో చూసుకోవాలి. సవోయ్ వైపు సంప్రదాయ చీజ్‌లకు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు.

దించగానే కోస్తే జారిపోతుంది. పావుగంట ఆగితే ముక్కలుగా నిలబడుతుంది. మిగిలింది మర్నాడు ఫాయిల్ కప్పి 160 డిగ్రీల్లో 20 నిమిషాలు వేడిచేసుకోవచ్చు. ముందు రెండు చెంచాల పాలు చిలకరించండి.

ఇకపై ఓవెన్ వంటలు వేసేటప్పుడు పళ్లెం కొలత, ముక్క మందం కూడా తప్పక అచ్చు వేయాలని కోరుతున్నాను.

— బేకింగ్ నేర్పే ఒక పాఠకురాలు, హైదరాబాద్