ఓడితే మంచిదే అంటున్నారు, మరి ఇంకో మ్యాచ్ ఏదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. మా కుర్రాళ్ళ ఫుట్‌బాల్ టీమ్ ఈ ఏడు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వచ్చి, మొన్న ఒక టోర్నమెంట్ సెమీస్‌లో ఒక్క గోల్ తేడాతో పోయింది. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర పెద్దోళ్ళందరూ ఒకటే మాట, పోనీలే ఒకసారి ఓడితే మంచిదే, పొగరు దిగుతాది అని. మావాడు అందులో బ్యాక్ ఆడతాడు, ఆ రాత్రి అన్నం తిన్లేదు, పొద్దున్నే లేచి "నాన్నా మళ్ళీ వాళ్ళతో ఎప్పుడు ఆడతాం" అన్నాడు. ఏం చెప్పను, నాకవుట్ కదా, ఓడినోళ్ళు బ్యాగులు సర్దుకోడమే.

ఓటమి వల్ల లాభం లేదని నేనన్ను. 2022 వరల్డ్ కప్‌కి అర్జెంటీనా 36 మ్యాచ్‌లు ఓడకుండా వచ్చి మొదటి రోజే సౌదీ చేతిలో 2-1తో ఓడింది, ఆ తర్వాత మ్యాచ్‌కే కోచ్ స్కలోనీ ఐదుగుర్ని మార్చేశాడు, మెక్‌అలిస్టర్ అప్పుడే టీమ్‌లోకొచ్చాడు, పోలాండ్ మీద ఎన్జో, అల్వారెజ్ కూడా మొదట్నించీ ఆడారు, చివరికి కప్పు వాళ్ళదే. గెలుస్తా ఉంటే ఆ మార్పులు అంత తొందరగా చేసేవాడు కాదేమో. కానీ అసలు సంగతి, అది గ్రూప్ మ్యాచ్, ఇంకా రెండు మ్యాచ్‌లు చేతిలో ఉన్నాయి. అదే జర్మనీ క్లబ్ లెవర్కుసెన్ చూడండి, 51 మ్యాచ్‌లు ఓడకుండా వచ్చి 2024లో యూరప్ క్లబ్బుల యూరోపా లీగ్ ఫైనల్లో ఇటలీ క్లబ్ అటలాంటా మీద 3-0తో ఓడింది, దిద్దుకుందామన్నా ఆ కప్పుకి ఇంకో మ్యాచ్ లేదు. ఇటలీది ఇంకోరకం, 37 మ్యాచ్‌ల తర్వాత 2021లో స్పెయిన్ మీద ఓడారు, టైమ్ ఉండి కూడా సర్దుకోలేకపోయారు, నార్త్ మాసిడోనియా చేతిలో ఓడి వరల్డ్ కప్‌కే వెళ్ళలేదు.

మావాళ్ళకి పొగరేం లేదండీ. అందరూ ముందుకి ఎక్కేస్తారు, వెనకాల లాంగ్ బాల్ పడితే అందుకునేవాడుండడు, గెలిచినన్నాళ్ళూ అది ఎవరికీ కనపళ్ళేదు, ఓడాకే కనపడింది. ఇప్పుడు రోజూ సాయంత్రం అదే ప్రాక్టీస్ చేస్తున్నారు, కానీ కుదిరిందో లేదో తెలియాలంటే గట్టి టీమ్‌తో ఆడాలి కదా. మాకే కాదు, బరంపురం, గుణుపురం, రాయగడ నించి తెల్లారకుండా బండెక్కి వచ్చిన పిల్లలు కూడా గంటన్నర ఆడి, ఓడితే అలాగే వెనక్కి పోతున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోద్ది.

టోర్నమెంట్లు పెట్టే కమిటీలకి, జిల్లా క్రీడాధికారులకి నా మనవి ఒకటే. నాలుగేసి టీములకి ఒక గ్రూప్ చెయ్యండి, ప్రతి టీమ్‌కీ కనీసం మూడు మ్యాచ్‌లు దొరుకుతాయి, గ్రౌండ్ చాలకపోతే గ్రూప్ మ్యాచ్‌ల్లో హాఫ్ తగ్గించండి, ఇరవై ఐదు నిమిషాలైనా పర్లేదు. అదనపు రోజులకి భోజనం ఖర్చు, రిఫరీ ఖర్చు అంటారా, తల్లిదండ్రులం మేం తలా కొంత వేసుకుంటాం, మా వీధిలో ఇప్పటికే మాట్లాడాం, వచ్చే సీజన్‌కి ముందే చెప్తే చాలు.

ఇట్లు,
ఒక ఆటగాడి తండ్రి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా