చిన్న సంస్థలకు లెక్కలు రాసే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

వృద్ధాశ్రమాలు, పిల్లల వసతి గృహాలు, ఊరి గ్రంథాలయాలు నడిపే చిన్న స్వచ్ఛంద సంస్థల గురించి తరచూ వినిపించే మాట "లెక్కలు సరిగా లేవు" అని. చాలాసార్లు అది నిజమే. అంతమాత్రాన డబ్బు తినేశారని తేల్చేయడం మాత్రం అన్యాయం. అలాంటి ఒక సంస్థకు కోశాధికారిగా ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ఒక దాత బోరు వేయించమని యాభై వేలు ఇస్తారనుకోండి. అది మిగతా విరాళాలతో కలిసి ఒకే ఖాతాలో పడుతుంది. ఆ నెల బియ్యం, కరెంటు బిల్లు, వంటమనిషి జీతం అందులోంచే పోతాయి. బోరు బండి వచ్చేనాటికి డబ్బుండదు. ఎవరి జేబులోకీ ఒక్క రూపాయి వెళ్లలేదు. అయినా బోరు పద్దు విడిగా లేకపోవడంతో దాత అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ప్రతి జమ పక్కన అది దేనికోసం వచ్చిందో క్యాష్‌బుక్‌లో రాయాలి, అలాంటి డబ్బుకు లెడ్జర్‌లో విడి పేజీ పెట్టాలి, నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడాలి. చెక్కు మీద సంతకం పెట్టేవారే పుస్తకం రాయకూడదు. ఈ పని ఎవరో ఒకరు రోజూ కూర్చుని చేయాలి. ఆ మనిషికి జీతం ఇచ్చే స్తోమతే చాలా సంస్థలకు లేదు.

నిబంధనలేమో పెరుగుతూ వచ్చాయి. 2022 ఆగస్టులో ఆదాయపు పన్ను నియమాల్లో వచ్చిన 17ఏఏ నిబంధన క్యాష్‌బుక్, లెడ్జర్, బిల్లులతో పాటు దాతల వివరాలు, ఆస్తులు, అప్పుల రికార్డులన్నీ ఉంచమంది, అదీ పదేళ్లపాటు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, దాతలకు పన్ను రాయితీ ఇప్పించే 80జీ గుర్తింపు ఉన్న సంస్థ విరాళాల వివరాలతో 10బీడీ ఫారం మే 31లోగా దాఖలు చేయాలి, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. ఫోన్‌లో డబ్బు పంపినవారి పేరు తప్ప మరేమీ తెలియదు. ఆ ఫారంలో రాయడానికి పాన్ నంబరు కోసం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగాలి, మే నెలంతా అదే టెన్షన్. దీనికితోడు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా కొత్త ఆదాయపు పన్ను చట్టం. సెక్షన్ల నంబర్ల దగ్గర్నుంచి అన్నీ మళ్లీ నేర్చుకోవాలి.

మన రెండు రాష్ట్రాల్లో మహిళా పొదుపు సంఘాల పుస్తకాలు చూడడానికి ఊరూరా వీఓఏలు (గ్రామ సమాఖ్య సహాయకులు) ఉన్నారు. పెద్ద చదువులు లేని ఆడవాళ్లు కూడా శిక్షణ తీసుకుని అప్పు, పొదుపు, వడ్డీ లెక్కలు చక్కగా రాస్తున్నారు. ఇదే ఏర్పాటు చిన్న సంస్థలకూ చేయవచ్చు. ఐదారు సంస్థలకు కలిపి ఒక బుక్‌కీపర్‌ను పెట్టుకోవచ్చు. సొసైటీలను రిజిస్టర్ చేసే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయమే తెలుగులో నమూనా పుస్తకాలు, రసీదు, ఓచర్ ఇవ్వాలి. బీకాం విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌ల కోసం తిరుగుతున్నారు, వాళ్లను ఇటు పంపితే పని నేర్చుకుంటారు. స్థానిక సీఏలు నెలకో పూట కేటాయిస్తే ఎంతో మేలు.

దాతలకూ ఒక విన్నపం. "నా డబ్బు మొత్తం పిల్లలకే పోవాలి, జీతాలకు వద్దు" అంటారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ మీ డబ్బు పిల్లలకే చేరిందని మీకు చూపించేది ఆ లెక్కలే. ఇచ్చేటప్పుడు కొంత మొత్తం లెక్కల ఖర్చుకని రసీదు మీద రాయించండి, ఏడాది చివర జమాఖర్చుల పట్టిక అడిగి తీసుకోండి.

- ఒక స్వచ్ఛంద సంస్థ కోశాధికారి, గుంటూరు