మా బడి గురించి అడిగి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మన ఆంధ్రప్రదేశ్‌లో ఒకే ఒక్క టీచరుతో నడుస్తున్న బడులు 12,912 ఉన్నాయని, దేశం మొత్తంలో మనమే ముందున్నామని మీ పత్రికలో వార్త వచ్చి పది రోజులైంది. దేశంలోని బడులన్నిటి వివరాలు కేంద్రం ఏటా సేకరించే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కలవి. ఎవరైనా బాధ్యులు జవాబు చెబుతారేమోనని చూశాను. ఎవరూ చెప్పలేదు. ఈలోగా మా వీధిలోవాళ్లు, "ఇన్ని బడులు ఇలా ఉన్నాయని ప్రభుత్వానికి ఇప్పుడే తెలిసిందా మేడం?" అని నన్ను అడుగుతున్నారు. ఇప్పుడు తెలియడమేమిటండీ! ఆ అంకె రాసిచ్చింది మేమే. ఏటా రాసిచ్చాం, సంతకం పెట్టి, సీలు వేసి మరీ ఇచ్చాం.

నేను ముప్పై ఏళ్లకు పైగా పంతులమ్మగా పనిచేసి, చివరి తొమ్మిదేళ్లు ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు హెచ్‌ఎంగా ఉండి రిటైరయ్యాను. ఈ లెక్కల ఫారం కాగితం మీద ఉన్న రోజుల నుంచి ఎరుగుదును. దాన్ని డైస్ అన్నారు, 2012-13 నుంచి యూడైస్ అన్నారు, 2018-19లో ఆన్‌లైన్ చేసి పక్కన ప్లస్ చేర్చారు. సెప్టెంబర్ 30 నాటికి బడి ఎలా ఉందో రాయాలి. గదులెన్ని, వాటిలో బాగున్నవెన్ని, చిన్న మరమ్మతు కావాల్సినవెన్ని, పెద్ద మరమ్మతు కావాల్సినవెన్ని. మరుగుదొడ్లు, నీళ్లు, కరెంటు, ర్యాంపు, లైబ్రరీ, ఆటస్థలం, కంప్యూటర్లు. టీచర్ల వివరాలు. 2022-23 నుంచి ఒక్కో పిల్లాడి వివరాలు విడివిడిగా. అడగనిదంటూ లేదు. అడగడం తప్పని నేను అనను. బడి ఎలా ఉందో తెలియకుండా ఎవరు మాత్రం ఏం చేయగలరు? కానీ అడిగినవాళ్లు మళ్లీ మా గడప తొక్కలేదన్నదే నా బాధ.

నీళ్ల సంగతే చెబుతాను. మాది పశ్చిమ ప్రకాశం. ఇక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. మా బడిలో బోరు ఉంది, మోటారు ఆడుతుంది, నీళ్లు వస్తాయి. ఫారంలో తాగునీటి ఆధారం ఏమిటి, పనిచేస్తోందా అని ఉంటుంది. బోరు, పనిచేస్తోంది. రాశాను. అది అబద్ధం కాదు. కానీ ఆ నీళ్లు మా పిల్లలెవరూ తాగరు. ఇంటి దగ్గర నుంచి సీసాల్లో తెచ్చుకుంటారు, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అయిపోతాయి. మా వంటమ్మ అయితే పప్పు వండాల్సిన రోజు తన డబ్బుతో వాటర్ ప్లాంట్ క్యాను కొనుక్కొచ్చేది. "ఆ బోరు నీళ్లలో పప్పు ఉడకదు మేడం, పొయ్యి మీద పెట్టి సాయంత్రం దాకా కూర్చున్నా గింజ గింజలాగే ఉంటది" అనేది. బిల్లులు నెలల తరబడి రాని మనిషి క్యాను కొని వండింది. ఆ సంగతి రాసే గడి ఆ ఫారంలో లేదు. పైన కూర్చున్నవాళ్ల లెక్కలో మా బడికి తాగునీరు ఉన్నట్టే.

ఇంకొకటి. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. మరుగుదొడ్డి పనిచేస్తోంది అని రాయాలంటే దానికి షరతులున్నాయి. నీళ్లుండాలి, బేసిన్ పగిలి ఉండకూడదు, వాసన రాకూడదు, తలుపు మూసుకునేలా ఉండాలి. మంచి షరతులే. మా బడిలో ఆడపిల్లలకు రెండు దొడ్లుంటే ఒకదానికి తలుపు కింద సగం తుప్పుపట్టి ఊడిపోయింది, గడియ లేదు. ఏడో తరగతి పిల్లలు జతగా వెళ్లేవారు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు చున్నీ అడ్డంపెట్టి తలుపు పట్టుకుని నిలబడేవారు. అందుకే రెండింట్లో ఒకటే పనిచేస్తోందని రాశాను. మూడో రోజు మండల ఆఫీసు నుంచి ఫోను. "మేడం, మన మండలం శాతం పడిపోతోంది. 'లేదు' అని పెట్టినవి ఒకసారి సరిచూసుకోండి." సరిచూశాను, ఉన్నదే రాశానని చెప్పాను. మళ్లీ ఫోను. మూడోసారి ఫోను వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది, మర్నాడే ఆఖరి రోజు, మాదొక్కటే పెండింగ్ అన్నారు. ఆ టెన్షన్‌లో ఒకటి తీసి రెండు పెట్టాను.

మరుసటి ఏడాది మరుగుదొడ్ల మరమ్మతులకు బడుల జాబితా వచ్చింది. మా బడి పేరు లేదు. ఎందుకు లేదని వెళ్లి అడిగితే కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించారు: రెండుకి రెండూ పనిచేస్తున్నాయని మీరే ఇచ్చారు కదా మేడం అన్నారు. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం వార్షిక ప్రణాళికలకు ఆధారం ఈ లెక్కలే. ఆ తలుపు సంగతి ఆ ఏడాది చదువుకుని వెళ్లిపోయిన ఆడపిల్లలకు నేను పడ్డ అప్పు. ఇలాంటి ఫోన్లు నా ఒక్కదానికే వచ్చాయనుకోను. ఇప్పుడు డ్యూటీలో ఉన్నవాళ్లు చెప్పుకోలేరు, షోకాజ్ నోటీసు వస్తుంది. నాకిక ఆ భయం లేదు కాబట్టి చెబుతున్నాను.

ఏకోపాధ్యాయ పాఠశాలల మాటకు వస్తాను. విద్యాహక్కు చట్టం 2009 నాటిది. ప్రాథమిక బడిలో అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని దాని షెడ్యూల్లోనే ఉంది. అంటే 12,912 అన్న అంకె, చట్టం అమలు కావడం లేదని ప్రభుత్వం తన చేత్తో తాను రాసుకున్న కాగితం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 117 అనే ఉత్తర్వు తెచ్చి 3, 4, 5 తరగతుల పిల్లల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు పంపారు. ఊళ్లో మిగిలిన ఒకటి, రెండు తరగతులకు ఒక ఎస్జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచరును, ఉంచారు. 2025లో ఆ జీవో రద్దు చేశారు, ఇప్పుడు అంకెలు మారతాయి అంటున్నారు. మారితే సంతోషమే. పోయిన మూడేళ్లలో ఆ బడుల్లో అక్షరాలు దిద్దాల్సిన పిల్లలకు ఎవరు జవాబు చెబుతారు?

ఆ ఒక్క టీచరు ఈ ఫారం నింపే రోజు ఆ బడి ఎలా ఉంటుందో వార్త రాసినవారు ఒకసారి చూసి ఉండాల్సింది. సర్వర్ పగలు పనిచేయదు. పనిచేసిన గంట సేపూ పిల్లలు పలకలు పట్టుకుని కూర్చోవాలి. దీని మీద అపార్ నంబర్లు, అంటే ఒక్కో విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబర్లు. రిజిస్టర్లో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, రెండూ కలవవు, నంబరు పుట్టదు. మిరపకోతల రోజుల్లో తల్లులు కూలి మానుకుని ఆధార్ సెంటర్ల ముందు నిలబడ్డారు. మరుగుదొడ్డి ఫొటో, భోజనం ఫొటో, హాజరు, దేనికదే యాప్. జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికల పనులు తప్ప వేరే పనులు టీచర్లకు అప్పగించొద్దని విద్యాహక్కు చట్టంలోనే 27వ సెక్షన్ చెబుతోంది. బడి లెక్కలు బడి పనే కదా అంటారు. ఒప్పుకుంటాను, కానీ అందుకు ఇంకో మనిషినివ్వండి. తెలంగాణలో 2024 నవంబర్‌లో ఇంటింటి కుల సర్వే కోసం ప్రాథమిక బడుల్ని మధ్యాహ్నం దాకానే నడిపారు. అదే తెలంగాణలో ఒక్క పిల్లాడు కూడా లేని బడులు 2,245 అని ఇదే యూడైస్ చెబుతోంది. ఉన్న పిల్లలకు టీచర్లు లేరు, పిల్లలు లేని చోట బడులు మిగిలాయి. రెండు రాష్ట్రాల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

2025 జులై 25న రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో బడి కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. వెంటనే దేశమంతా బడి భవనాల భద్రతను తనిఖీ చేయాలని కేంద్రం ఆదేశాలిచ్చింది. మళ్లీ ఇంకో తనిఖీ, ఇంకో ఫారం. పెద్ద మరమ్మతు కావాలి అన్న గడిలో దేశంలో హెచ్‌ఎంలు ఏటా రాస్తున్నదేమిటి మరి? మా బడిలో రెండు గదులకు నేను తొమ్మిదేళ్లూ అదే రాశాను. వానాకాలం వస్తే పిల్లల్ని వరండాలోకి మార్చి పాఠం చెప్పాను.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఫారం పంపే ముందు దాన్ని స్కూల్ కమిటీ తల్లిదండ్రుల ముందు తెలుగులో చదివి వినిపించాలి. ఒక కాపీ బడి గోడకు అంటించాలి. పెద్ద మరమ్మతు, పనిచేయని దొడ్డి, ఒకే టీచరు అని రాసిన ప్రతి బడికీ మూడు నెలల్లోగా రాతపూర్వకంగా జవాబు రావాలి. డబ్బు లేదంటే లేదనే రాయండి, ఎప్పుడు ఇస్తారో రాయండి. 'లేదు' అని రాసిన హెచ్‌ఎంకు ఫోన్ చేసి మార్చమనేవాళ్లు, ఆ మాటేదో కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపాలి.

మీ పత్రికకు కూడా ఒక మనవి. యూడైస్‌లో ప్రతి బడికీ పదకొండు అంకెల కోడు ఉంటుంది, మన రాష్ట్రానిది 28తో మొదలవుతుంది. ఆ కోడు కొడితే బడి వివరాలు ఎవరైనా చూడొచ్చు. రాష్ట్రం మొత్తం అంకె ఒక రోజు వేసి ఊరుకోకుండా, మీ మండల విలేకరులను వాళ్ల మండలంలో పది బడులకు పంపండి. అక్కడ రాసి ఉన్నదీ, కంటికి కనపడేదీ పక్కపక్కన జిల్లా పేజీలో వేయండి. మా వైపు వస్తే మధ్యాహ్నం భోజనం వేళకు రమ్మనండి, పప్పు వండే రోజు చూసుకుని.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
పశ్చిమ ప్రకాశం