బీరువాలో దాచిన సీసా గురించి

డిజోన్,
నవంబరు 18, 2025

బాబాయికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందని నాన్న చెప్పారు, సంతోషం. నేను ఇక్కడి బర్గండీ ప్రాంతం నుంచి తెచ్చిన వైన్ సీసాని బీరువాలో దాచానని, పాతబడేకొద్దీ రుచి పెరుగుతుంది కదా అని ఫోన్‌లో అన్నావు. అన్ని వైన్లకూ అది చెల్లదు బాబాయ్. ఎక్కువభాగం కొన్నేళ్ళలోనే తాగేయాల్సినవి. నిలవ ఉంచితే మెరుగయ్యేవి కొన్నే. అలాంటిదొకటి మొన్న ఆదివారం తాగాను.

మా ఆఫీసులో పెద్దాయన ఒకరు తన నేలమాళిగలోంచి 2005 నాటి క్లో ద వూజో వైన్ తీశారు. ఇక్కడికి దక్షిణాన ఉన్న ద్రాక్షతోట అది. చుట్టూ సీతో మఠం సన్యాసులు కట్టిన రాతిగోడ. లోపల 50 హెక్టార్లు, మన లెక్కన 125 ఎకరాలు. ఫ్రెంచి విప్లవంలో మఠం చేజారాక ముక్కలవుతూ వచ్చి, ఇప్పుడు దాదాపు 80 మంది చేతుల్లో ఉంది. కింద రోడ్డు పక్కన నీరు నిలిచే బంకమట్టి, పైన తోటలోని కోట దగ్గర సున్నపురాయి మీద పల్చటి మట్టి. లేబుల్ మీద పేరొకటే, కానీ ఎవరి నేల చెక్క ఎక్కడుందో తెలియకపోతే వైన్ ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం. ఇది పైచెక్కది.

ఈ వైన్ చేసే పినో నువార్ ద్రాక్షకు తొక్క పల్చన, అందుకని రంగు మొదటినుంచీ తేలికే. వయసు తెలిసేది గ్లాసు అంచులో. ఇక్కడ అంచు ఇటుకరంగుకు తిరిగింది, నడుమ ఇంకా కెంపే. వాసన అరగంట దాకా ముడుచుకునే ఉంది. తర్వాత చెర్రీ పండు, దాని వెనకే వానకు తడిసిన ఆకులు, పుట్టగొడుగులు. పండు వాడకముందే ముదురువాసన రావడం, రెండూ ఒకే గుక్కలో దొరకడం ఎంత అబ్బురమో!

నోట్లో పులుపు చురుగ్గా ఉంది. వగరు నేరేడుపండు తిన్నట్టు నాలుకను పట్టింది. 2005 వేసవి పొడిగా సాగింది, ఆ ఏటి వైన్లలో చాలావాటికి ఆ బిగువు ఎక్కువ. ఏళ్ళు గడిచేకొద్దీ వగరునిచ్చే పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని కొంత మడ్డిగా దిగుతాయి, వైన్ మెత్తబడుతుంది. పులుపు మాత్రం తగ్గదు. వగరు మెత్తబడేలోపే పండురుచి వాడిపోయిందా, ఇక మిగిలేది పులుపే. దీంట్లో పండు నిండుగా ఉంది. ఇంకో పదిహేనేళ్ళు హాయిగా నిలుస్తుందని నా అంచనా. ఆయన మాత్రం ఇదే అదనంటారు. నేను ఒప్పుకోలేదు. మిగతా సీసాలు 2030 దాకా ముట్టుకోవద్దని బతిమాలాను.

ఆయన నేలమాళిగ ఏడాది పొడవునా 12, 13 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన బెజవాడ బీరువాకు మే నెల తప్పదు కదా! పైగా నీ దగ్గరున్నది సాదా బర్గండీ, దాచడానికి చేసింది కాదు. సంక్రాంతికి అన్నయ్య వచ్చినప్పుడు తెరవండి. ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, మరీ చల్లబడితే వాసన రాదు. గ్లాసు సగానికి మించి పోయొద్దు. ఎలా ఉందో అన్నయ్యతో రాయించు.

నీ
చిన్నోడు