మావయ్య రిపోర్టు చూశాక

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన మావయ్య రిపోర్టు రాత్రే చదివాను. ఫోన్‌లో చెబితే మాటమాటకీ అడ్డు తగులుతావు, అందుకే రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో.

ముందు ఒకటి. మావయ్యకొచ్చిన ఈ మెసోథీలియోమా అనే క్యాన్సర్ ఊపిరితిత్తిలో పుట్టేది కాదురా. ఊపిరితిత్తి మీద తొడుగులా ఒక పొర ఉంటుంది, ప్లూరా అంటారు, దానికొచ్చేది. గడ్డలా ఒకచోట కూర్చోదు. బత్తాయి తొక్కలా చుట్టూ మందంగా పాకుతుంది. అందుకే సర్జన్ ఎంత ఒలిచినా కంటికి కనపడని కణాలు మిగులుతాయి. పోనీ రేడియేషన్‌తోనే కాల్చేద్దామంటే, లోపలున్న ఊపిరితిత్తి కూడా కాలుతుంది. అందుకే రెండూ కలిపి చెయ్యాలన్న ఆలోచన వచ్చింది.

పాత వరస ఏంటంటే ముందు ఆపరేషన్. ఒక పక్క ఊపిరితిత్తి, ఆ పొర, గుండె సంచిలో కొంత భాగం, కింద ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం కండరం, అన్నీ తీసేసి ప్యాచ్‌లు కుట్టేస్తారు. ఖాళీ అయిన చోట మెల్లగా నీరు నిండుతుంది. ఆ తరువాత రేడియేషన్. కానీ అంత ఆపరేషన్ అయ్యాక కొందరికి రేడియేషన్ తట్టుకునే ఓపికే మిగలదు.

2008లో ఇక్కడ టొరంటోలో మార్క్ డి పెరో అనే సర్జన్, జాన్ చో అనే రేడియేషన్ డాక్టరు ఈ వరసని తిరగేశారు. దాని పేరు స్మార్ట్. ముందు ఐదు రోజుల్లో 25 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) రేడియేషన్, వారం తిరిగేలోపే ఆపరేషన్. అంత తొందర ఎందుకంటే, ఆ డోసు తిన్న ఊపిరితిత్తి కొన్ని వారాల్లో వాచి ప్రాణం మీదికి తెస్తుంది. అది మొదలయ్యేలోపే దాన్ని బయటికి తీసెయ్యాలి. అంటే మొదలుపెట్టాక, ‘ఆపరేషన్ సంగతి తరువాత చూద్దాం’ అనడానికి లేదు.

నేను ఈ రేడియేషన్ మెషిన్ల దగ్గరే పనిచేసేవాణ్ణి కదా, అయినా ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు చేతులు చల్లబడ్డాయి. రోజూ పేషెంట్ ఛాతీ మీద ఆవగింజంత పచ్చబొట్టు చుక్కల్ని లేజర్ గీతకి సరిపెడతాం. మెషిన్ మొరాయిస్తే ‘రేపు రండి’ అనేస్తాం. ఇక్కడ ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

ఫలితాలు 2021లో వచ్చాయి. మొత్తం 96 మంది. ఈ జబ్బులో కాస్త నయమనిపించే ఎపిథెలియాయిడ్ రకం వాళ్ళ మీడియన్ ఆయుష్షు, అంటే సగం మంది దాటిన గీత, దాదాపు 43 నెలలు. ఈ జబ్బులో అది పెద్ద అంకే. అయితే సగం మందికి నెలలోపే పెద్ద కాంప్లికేషన్లు వచ్చాయి. పైగా వాళ్ళంతా ఏరి తీసుకున్న గట్టి మనుషులు, పక్కన పోల్చి చూడ్డానికి ఇంకో గ్రూపు లేదు. ఆ అంకె చూసి ఎగిరి గంతెయ్యకు.

2024లో వచ్చిన బ్రిటన్ వాళ్ళ మార్స్-2 ట్రయల్ ఇంకా చేదుగా ఉంది. అందులో ఊపిరితిత్తిని ఉంచి పొరని ఒలిచారు. ఆ ఆపరేషన్‌తో కీమో తీసుకున్నవాళ్ళ కంటే ఉత్త కీమో తీసుకున్నవాళ్ళే ఎక్కువ కాలం బతికారు. నన్నడిగితే, మావయ్యకి ఆపరేషన్ అన్న డాక్టరుని వెంటనే డేట్ అడగొద్దు. బయాప్సీలో ఏ రకం అని రాశారో, ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) సంగతేంటో, ఒక్క ఊపిరితిత్తితో ఆయన మెట్లెక్కగలడో లేదో అడుగు. బయాప్సీ స్లైడ్లు ఇంకో పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా చూపించు.

ఈ జబ్బుకి ముఖ్య కారణం రాతినార, అదే ఆస్బెస్టాస్. అది ఒంట్లో చేరాక ముప్పై నలభై ఏళ్ళు ఊరుకుంటుంది. చిత్రం చూడు, అప్పట్లో ఈ కెనడా నుంచే మన దేశానికి అది ఓడలకొద్దీ వచ్చేది. క్యూబెక్‌లో ఒక ఊరి పేరే ఆస్బెస్టాస్! 2020లో సిగ్గుపడి మార్చుకున్నారు.

మావయ్య రేకుల ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు గుర్తుందా? ఒళ్ళంతా బూడిద రంగు దుమ్ము. అత్త ఆ చొక్కాని వాకిట్లో టపటపా దులిపి నానబెట్టేది. ఆ దుమ్ము ఆవిడా పీల్చింది కదరా. అత్తకి ఆయాసం ఏమైనా ఉందేమో అడుగు. ఉంటే ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళు.

నీ
రాంబాబు